బ్లఫ్ ఆటకి డేర్ జత చేస్తే: మీ గుంపుకి ఏ పేకాట సరిపోతుంది?

పెద్దవాళ్ళు ఓ ఆరేడుగురు చేరిన రాత్రి పేకముక్కలు బయటికి వస్తే ముందుగా "ఏం ఆడదాం" అంటారు. ఓడినవాళ్ళకి డేర్ పెట్టే ఉద్దేశం ఉంటే అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఈ ఆటలో ఎంతసేపటికి ఒకరు ఓడతారు? మూడు నిమిషాలకొకరు ఓడే ఆటకి పెద్ద డేర్ తగిలిస్తే ఆట సాగదు. మాటిమాటికీ ముక్కలు పక్కన పెట్టి ఎవరిదో పాటో డాన్సో చూస్తూ కూర్చోవాలి. అరగంటకి ఒక్కరే ఓడే ఆటలో చివరికి "ఒక సామెత చెప్పి పో" అని వదిలేస్తే అంతసేపు పడ్డ ఉత్కంఠంతా చప్పబడిపోతుంది. "ఇంక చాల్లే" అని జనం ఫోన్లు తీసిన చోట చాలాసార్లు ఆట మంచిదే అయి ఉంటుంది, ఓటమికీ డేర్‌కీ తూకం కుదరకపోయి ఉంటుంది.

రెండోది, తప్పుగా అనుమానించినవాళ్ళకి ఏమవుతుంది అన్నది. అబద్ధం ఆడి దొరికితే శిక్ష ఉన్నట్టే, నిజం చెప్పినవాళ్ళని అబద్ధం అన్నందుకూ శిక్ష ఉండాలి. అది లేని ఆటలో ప్రతి ముక్కకీ అందరూ "అబద్ధం, అబద్ధం" అని అరుస్తారు. పది నిమిషాల్లో ఎవరికీ బ్లఫ్ చేయాలనే అనిపించదు. కింద చెప్పే ఆటల్ని నేను ఈ రెండు లెక్కలతోనే తూచాను. అన్నీ మామూలు పేక కట్టలతో ఆడుకోవచ్చు. రమ్మీ ఆడే ఇంట్లో రెండు కట్టలు ఎలాగూ ఉంటాయి. రెండూ కలిపి ఆడేటప్పుడు మాత్రం ముక్కల వెనక రంగు, బొమ్మ ఒకటే అయ్యేలా చూసుకోండి. ఒకటి నీలం, ఒకటి ఎరుపు అయితే వీపు చూసే సగం గుట్టు పట్టేస్తారు.

అందరికీ తెలిసిన బ్లఫ్

హాస్టళ్ళలోనూ రైలు ప్రయాణాల్లోనూ ఆడే బ్లఫ్‌తో మొదలుపెడదాం. కట్ట మొత్తం పంచేస్తారు. మొదటివాళ్ళు ఒకటో రెండో మూడో ముక్కలు బోర్లా పెట్టి "రెండు రాజులు" అంటారు. అవి నిజంగా రాజులు కానక్కర్లేదు. తర్వాతివాళ్ళు తామూ రాజులే వేస్తున్నామని చెప్పి వేయాలి, లేదా పాస్ అనాలి, లేదా పట్టుకోవాలి. పట్టుకున్నప్పుడు చివరగా పడ్డ ముక్కలు తిప్పి చూస్తారు. అబద్ధమైతే వేసినవాళ్ళకి, నిజమైతే పట్టుకున్నవాళ్ళకి కుప్పంతా. చేతిలో ముక్కలు ముందు ఖాళీ చేసినవాళ్ళది గెలుపు.

దీంట్లో ఉన్న అందం లెక్కలో ఉంది. ఒక కట్టలో రాజులు నాలుగే. మీ చేతిలో మూడుండగా ఎదుటివాళ్ళు "రెండు రాజులు" అన్నారంటే కళ్ళు మూసుకుని పట్టుకోవచ్చు. ఆ పని వెంటనే చేయకుండా ఇంకో ఇద్దరు ముక్కలు వేసి కుప్ప పెరిగేదాకా ఆగుదామా అన్నదే అసలు ఆలోచన. కానీ పట్టుకోవడానికి వీలయ్యేది చివరగా పడ్డ ముక్కల్నే. మీరు ఆగిన ఆ కాసేపట్లో అబద్ధం ఆడినవాళ్ళు తప్పించుకుంటారు, ఆ తర్వాత వేసినవాళ్ళు నిజంగా నాలుగో రాజు వేసి ఉండవచ్చు. ఏడుగురు దాటితే రెండు కట్టలు కలపండి. అప్పుడు ఒక్కో రకానివి ఎనిమిదేసి కాబట్టి ఈ లెక్క అంత తేలిగ్గా అందదు.

మన దగ్గర ఆడే పద్ధతిలో పాస్ ఉంది కాబట్టి నెమ్మదస్తులు రాత్రంతా పాస్ అంటూ అబద్ధమాడకుండానే గడిపేస్తారు. బయటి దేశాల్లో ఎక్కువగా ఆడే పద్ధతి వేరు. ఒకరు రెళ్ళు అంటే తర్వాతివాళ్ళు మూళ్ళు, ఆ తర్వాతివాళ్ళు నాలుగులు, ఇలా వరస తప్పకూడదు. పాస్ లేదు. చేతిలో మూడు లేకపోయినా మూడే అనాలి. డేర్ పెట్టుకుని ఆడే గుంపుకి ఈ వరస పద్ధతే మేలు. సిగ్గరులైనా నాలుగోసారి తమ వంతు వచ్చేసరికి చాలావరకు అబద్ధం ఆడక తప్పదు.

డేర్ ఎప్పుడు పెట్టాలి? కుప్ప ఎత్తుకున్న ప్రతిసారీ మాత్రం వద్దు. కుప్ప ఎత్తుకోవడమే ఒక శిక్ష, దానిమీద ఇంకోటి వేస్తే ఒకే మనిషికి రెండు దెబ్బలు. ఒకరు ఖాళీ చేసి గెలిచాక అందరి చేతుల్లో ముక్కలు లెక్కపెట్టి, ఎక్కువున్నవాళ్ళకి ఒక డేర్ ఇవ్వండి. అప్పటికి పావుగంటో ఇరవై నిమిషాలో అయి ఉంటుంది. మధ్యస్థం డేర్ సరిపోతుంది.

నా ఓటు బొద్దింకల పోకర్‌కి

ఒక్క ఆటే చెప్పమంటే నేను ఇదే చెబుతాను. జర్మనీలో 2004లో వచ్చిన ఆట, రూపకర్త జాక్ జైమె. అసలు పెట్టెలో బొద్దింక, ఎలుక, ఈగ, గబ్బిలం లాంటి ఎనిమిది జీవులు, ఒక్కోదానివి ఎనిమిదేసి, మొత్తం 64 ముక్కలు. పేరులో పోకర్ ఉన్నా పోకర్‌తో దీనికి సంబంధం లేదు. పెట్టె కొనక్కర్లేదు కూడా. రెండు కట్టల్లోంచి ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, జాకీ, రాణి, రాజు, ఆసు ఏరి కలిపితే సరిగ్గా ఎనిమిది రకాలు, రకానికి ఎనిమిది, అరవై నాలుగు ముక్కలు వస్తాయి.

ముక్కలన్నీ పంచేయాలి. ముగ్గురి నుంచి ఆరుగురిదాకా బాగుంటుంది. మీ వంతు రాగానే చేతిలోంచి ఒక ముక్క బోర్లా ఎవరి ముందుకైనా జరిపి "ఇది ఏడు" అంటారు. అవతలివాళ్ళకి రెండే దారులు. చూడకుండా "నిజం" అనో "అబద్ధం" అనో తేల్చి తిప్పడం మొదటిది. సరిగ్గా చెబితే ముక్క ఇచ్చినవాళ్ళకే తిరిగొచ్చి వాళ్ళ ముందు వెల్లకిలా పడుతుంది, తప్పితే చెప్పినవాళ్ళ ముందు పడుతుంది. రెండో దారి, తాము ఒక్కరే ముక్క చూసుకుని, ఇంకా చూడనివాళ్ళకి జరపడం. జరిపేటప్పుడు అదే మాట చెప్పవచ్చు, మార్చి చెప్పవచ్చు. ముక్క ఎవరికి పడితే తర్వాతి వంతు వాళ్ళది. ఒకే రకం నాలుగు ఎవరి ముందు పడితే వాళ్ళు ఓడినట్టు, ఆట అక్కడితో అయిపోయినట్టు. తన వంతు వచ్చేసరికి చేతిలో ముక్కలు లేనివాళ్ళు కూడా ఓడినట్టే.

ఒక ముక్క ప్రయాణం చూడండి. వదిన ముందు అప్పటికే మూడు రాణులున్నాయి, ఏడు ఒక్కటీ లేదు. మరిది ఒక ముక్క జరిపి "రాణి, వదినా" అంటాడు. వదిన "అబద్ధం" అని, అది నిజంగా రాణే అయితే ఆమె పని అయిపోయింది. "నిజం" అని అది ఇంకేదో అయితే ఆ ముక్క వచ్చి పడుతుంది, అంతే, ప్రాణం మీదికి రాదు. కాబట్టి భయపడేవాళ్ళు "నిజం" అనేస్తారు. ఆమె అలా అనకుండా ఎత్తి చూసుకుంది. అది ఏడు. మొహం కదలకుండా తోటికోడలి ముందుకి జరిపి "రాణే" అంది. "నీ దగ్గర మూడు పెట్టుకుని నాకు రాణి పంపిస్తావా అక్కా, నమ్మమంటావా?" అంటుంది తోటికోడలు. ఇక్కడ వదినకి దిగులు లేదు. దొరికిపోయినా వచ్చేది ఒక ఏడు, ఆమె ముందు ఏళ్ళు లేవు. ముక్క చూసిన మరుక్షణం నుంచి తన అబద్ధానికి ఎంత ఖర్చవుతుందో ఆమెకి తెలుసు, మిగతా ఎవరికీ తెలియదు. చూసి జరపడంలో ఉన్న బలం ఇదే. కొత్తవాళ్ళు మొదటి ఆటలో దీన్ని వాడరు, రెండో ఆటకి పట్టేస్తారు.

డేర్‌కి ఇంత బాగా అతికే ఆట ఎందుకంటే దీంట్లో గెలిచినవాళ్ళు ఎవరూ ఉండరు. ఓడినవాళ్ళు ఒక్కరే. మధ్యలో ఎవరూ ఆటలోంచి తప్పుకోరు, చివరిదాకా అందరూ ఉంటారు. ఇరవై నిమిషాలకి అటూ ఇటూగా ఒకరు తేలతారు. పెద్ద డేర్ పెట్టాల్సింది ఇలాంటి ఆటకే. ఒక్క జాగ్రత్త: అందరూ ఒక్కరినే గురిచూసి ముక్కలు పంపడం మొదలుపెడతారు. ముఖ్యంగా ఒకరి ముందు మూడు రకాలు మూడేసి చేరాక. అది ఆట రాజనీతిలో భాగమే, కానీ వరసగా రెండు ఆటల్లో ఒకే మనిషి బలైతే మూడో ఆటలో ఆ మనిషికి డేర్ వర్తించదని పెట్టుకుంటే గుంపులో ఎవరూ చిన్నబుచ్చుకోరు.

ఆరు ముక్కల గండం

2024లో లయర్స్ బార్ అనే వీడియో గేమ్ వచ్చింది. అందులోని లయర్స్ డెక్ ఆటని కుర్రకారు ఇప్పుడు అసలు పేకముక్కలతోనే ఆడేస్తున్నారు. నలుగురికి కుదిరిన ఆట. రెండు కట్టల్లోంచి ఆరు ఆసులు, ఆరు రాజులు, ఆరు రాణులు, రెండు జోకర్లు తీయండి. ఇరవై ముక్కలు, తలకి ఐదు. "ఈ రౌండు రాజులది" అని ఒకటి నిర్ణయిస్తారు. వంతు వచ్చినవాళ్ళు ఒకటి నుంచి మూడుదాకా ముక్కలు బోర్లా వేస్తూ అవన్నీ రాజులే అన్నట్టు వేయాలి. జోకర్ ఎప్పుడూ నిజం కిందే లెక్క. తర్వాత కూర్చున్నవాళ్ళు పట్టుకోవచ్చు, లేకపోతే తామూ వేయాలి. అబద్ధం దొరికితే వేసినవాళ్ళకి, అనుమానం తప్పితే పట్టుకున్నవాళ్ళకి గండం. ముక్కలన్నీ మళ్ళీ కలిపి పంచుతారు.

వీడియో గేమ్‌లో గండం అంటే తుపాకీ. ఇంట్లో దానికి బదులు ప్రతివాళ్ళ పక్కనా ఆరేసి ముక్కల చిన్న దొంతర ఉంచండి, ఐదు ఎర్రవి, ఒకటి నల్లది, బాగా కలిపి. గండం వచ్చినప్పుడల్లా పైముక్క తీయాలి. ఎర్రదైతే బతికిపోయారు, అది పక్కన పడేస్తారు. నల్లదైతే డేర్. మొదటిసారి ఆరింట ఒక వంతు, రెండోసారి ఐదింట ఒకటి, తర్వాత నాలుగింట ఒకటి. మూడు సార్లు తీసేలోపు నల్లది తగలడానికి సగానికి సగం అవకాశం. రౌండు రెండు నిమిషాల్లో తేలిపోయినా ప్రతి రౌండుకీ డేర్ రాదు, రాబోతోందన్న భయం మాత్రం పెరుగుతూ ఉంటుంది. వేగంగా ఓడే ఆటకి బరువైన డేర్ పెట్టుకోవడానికి నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. ఈ దొంతరని ఇంకే చిన్న ఆటకైనా తగిలించుకోవచ్చు. నలుగురి దొంతరలకీ ఎర్రవి ఇరవై కావాలి, నల్లవి నాలుగు. రెండు కట్టల్లో మిగిలిన చిన్న ముక్కలు సరిపోతాయి.

ఐదుగురు ఉంటే? ఇంకో నాలుగు ముక్కలు చేర్చి సర్దుకునేవాళ్ళున్నారు కానీ పంపకం కుదరదు. ఐదుగురైతే బొద్దింకలకే వెళ్ళండి.

స్కల్

2011లో ఎర్వే మర్లీ అనే ఫ్రెంచి రూపకర్త తెచ్చిన ఈ ఆటలో తలకి నాలుగే ముక్కలు: మూడు పువ్వులు, ఒక పుర్రె. మన కట్టలో మూడు ఎర్రవి, ఒక నల్లది అనుకోండి. అందరూ తలా ఒకటి బోర్లా పెడతారు. వంతువారీగా ఇంకొకటి దానిమీద పెట్టడమో, "నేను మూడు ఎర్రవి తిప్పగలను" అని పందెం కాయడమో చేయాలి. ఒకసారి పందెం మొదలైతే మిగతావాళ్ళు అంకె పెంచాలి, లేదా పాస్. ఎక్కువ కాసినవాళ్ళు ముందు తమ దొంతరంతా తిప్పి, ఆ తర్వాత నచ్చినవాళ్ళవి పైనుంచి తిప్పుకుంటూ పోవాలి. నల్లది తగిలితే తమ నాలుగింట్లో ఒకటి పోతుంది. అంకె పూర్తయితే ఒక గెలుపు, రెండు గెలుపులకి ఆట ముగింపు.

నోటితో అబద్ధం చెప్పక్కర్లేని బ్లఫ్ ఇది. తన కిందే నల్లది పెట్టుకుని ధైర్యంగా "రెండు" అంటారు, పక్కవాళ్ళు రెచ్చిపోయి "మూడు" అనాలని. ఎవరూ పెంచకపోతే తన గోతిలో తానే పడాలి. మాటకారితనం లేనివాళ్ళు, తెలుగు అంతగా రాని కోడళ్ళు, అల్లుళ్ళు ఉన్న గుంపులో దీన్ని తీయండి, అందరికీ సమానంగా ఉంటుంది. ముక్క పోగొట్టుకున్న ప్రతిసారీ చిన్న డేర్ చాలు. నల్లది పెట్టి ముంచినవాళ్ళే డేర్ రాసిన చీటీ తీసివ్వాలని పెట్టుకుంటే ఇంకా రక్తి కడుతుంది.

కూ: బుర్ర పెట్టి ఆడేవాళ్ళకి

రాజకీయ కుట్రల ఆట, 2012లో వచ్చింది. పదిహేను ముక్కలే: ఆసు, రాజు, రాణి, జాకీ, పది, మూడేసి. తలకి రెండు ముక్కలు, రెండు నాణేలు. నాణేలకి చింతపిక్కలు భేష్‌గా పనికొస్తాయి, ఓ యాభై. రాజు ఉందంటే మూడు పిక్కలు తీసుకోవచ్చు. జాకీ ఉందంటే ఎదుటివాళ్ళ దగ్గర రెండు లాక్కోవచ్చు, జాకీ గానీ పది గానీ ఉన్నవాళ్ళు దాన్ని అడ్డుకోవచ్చు. పది ఉంటే దొంతరలోంచి రెండు తీసి ముక్కలు మార్చుకోవచ్చు. ఆసు ఉందంటే మూడు పిక్కలు కట్టి ఒకరి ముక్క చంపవచ్చు. రాణి ఉన్నవాళ్ళు ఆ చావుని ఆపవచ్చు. ఇవన్నీ నిజంగా చేతిలో ఉండక్కర్లేదు, ఉన్నాయని అంటే చాలు. అన్నమాట ఎవరైనా ప్రశ్నిస్తే చూపించాలి. లేకపోతే ఒక ముక్క పోతుంది, ఉంటే ప్రశ్నించినవాళ్ళది పోతుంది, చూపించిన ముక్క దొంతరలో కలిపి కొత్తది తీసుకుంటారు. ఏ ముక్కా లేకుండా వంతుకి ఒక పిక్క తీసుకోవచ్చు. రెండు కూడా తీసుకోవచ్చు, రాజున్నవాళ్ళు అడ్డుపడకపోతే. ఏడు పిక్కలు కూడితే ఎవరి ముక్కనైనా కొట్టవచ్చు, దానికి అడ్డు లేదు. పది చేరాయంటే కొట్టి తీరాలి.

ఆసుతో దాడి జరిగినప్పుడు రాణి లేకుండా "రాణుంది" అని దొరికితే రెండు ముక్కలూ ఒకేసారి పోతాయి. కొత్తవాళ్ళకి ఇది ముందే చెప్పకపోతే గొడవవుతుంది. పావుగంటలో ముగిసే ఆట. కానీ ముందుగా ఔటైనవాళ్ళు ఖాళీగా కూర్చోవాలి, నియమాలు వివరించడానికే పది నిమిషాలు పడుతుంది. నవ్వులకోసం చేరిన గుంపుకి ఇది బరువు. చదరంగం, రమ్మీ ఇష్టపడే నలుగురికి ఇవ్వండి, మొదట ఔటైనవాళ్ళకి డేర్ పెట్టండి. అలా పెడితే వాళ్ళకి ఖాళీ సమయమూ ఉండదు.

మూడు ముక్కలాట గురించి

తీన్ పత్తీ అడిగేవాళ్ళు ప్రతి గుంపులోనూ ఉంటారు. బ్లఫ్‌కి ఇది పుట్టినిల్లు లాంటిదే. మూడు ముక్కల చేతులు మొత్తం 22,100 ఉంటే వాటిలో 16,440 చేతుల్లో జత కూడా ఉండదు. అంటే నాలుగింట మూడుసార్లు ఏమీ లేని ముక్కలతోనే కూర్చుని ఉంటారు. ట్రయల్, అంటే మూడూ ఒకే రకం ముక్కలు, రావడం 425 చేతులకి ఒకసారి. ముక్కలు చూడకుండా బ్లైండ్ ఆడేవాళ్ళు కట్టినదానికి చూసినవాళ్ళు రెట్టింపు కట్టాలి కాబట్టి, బ్లైండ్‌గా పెంచుతూ పోయేవాళ్ళ ముందు మంచి ముక్కలున్నవాళ్ళు కూడా జంకి ప్యాక్ అని ముక్కలు పడేస్తారు.

ఇదంతా పందెం మీదే నడుస్తుంది. పోయేది ఏమీ లేకపోతే జంకు ఉండదు, జంకు లేకపోతే బ్లఫ్ పనిచేయదు. "సరదాకి రూపాయి రూపాయి" అని ఎవరో ఒకరు అంటారు. ఆ రూపాయి వద్దు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ డబ్బు పెట్టి ఆడే పేకాట మీద కేసులు 1974 నాటి గేమింగ్ చట్టం కింద పెడతారు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీం కోర్టు పదమూడు ముక్కల రమ్మీని నైపుణ్యం ఆట అన్నప్పుడు కూడా, మూడు ముక్కలాటలా అది పూర్తిగా అదృష్టం ఆట కాదు అని చెప్పింది. అంటే మూడు ముక్కలాటకి ఆ రక్షణ కూడా లేదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, డబ్బు ఒకసారి బల్లమీదకి వచ్చాక డేర్‌ల మీద ఎవరికీ ఆసక్తి ఉండదు.

తలకి ఇరవై చింతపిక్కలు ఇవ్వండి. అప్పులు, మళ్ళీ కొనుక్కోవడాలు లేవు. పిక్కలు ముందు అయిపోయినవాళ్ళకి పెద్ద డేర్. ఇలా అయితే పిక్కకి విలువ వస్తుంది, బ్లఫ్ బతుకుతుంది. అయినా ఈ ఆటని నేను చివరనే పెడతాను. ఎందుకంటే అలవాటున్నవాళ్ళు కొత్తవాళ్ళని గంటలోపే ఊడ్చేస్తారు, డేర్‌లన్నీ తెలియనివాళ్ళ నెత్తినే పడతాయి.

ఎనిమిది మంది దాటితే

మాఫియా తప్ప వేరే దారి వెతక్కండి. 1980ల్లో మాస్కో స్టేట్ యూనివర్సిటీలో దిమిత్రీ దావిదోవ్ మొదలుపెట్టిన ఆట అది. పేకముక్కలు పాత్రలు పంచడానికే. రెండు రాజులు మాఫియా, ఒక ఆసు పోలీసు, ఒక రాణి డాక్టరు, మిగతావి అంకె ముక్కలు, వాళ్ళు ఊరివాళ్ళు. ఒకరు ఆట నడపాలి. "రాత్రి" అందరూ కళ్ళు మూసుకుంటే మాఫియా ఒకరిని చంపుతుంది, డాక్టరు ఒకరిని కాపాడతారు, పోలీసు ఒకరి గుట్టు అడుగుతారు. "పగలు" అందరూ వాదించుకుని ఓట్లేసి ఒకరిని పంపించేస్తారు. ఇద్దరు మాఫియావాళ్ళూ బయటపడితే ఊరు గెలిచినట్టు. మాఫియా, ఊరివాళ్ళు సమానమైతే మాఫియా గెలిచినట్టు. ఇక్కడ ఒంటరిగా ఒకరికి డేర్ ఇవ్వడం అన్యాయం, ఓడేది పక్షం కాబట్టి. ఓడిన పక్షమంతా కలిసి చేసేది పెట్టండి, కోలాటం అడుగులో, గుంపుగా ఒక పాటో.

డేర్‌ల సంగతి

ఆట ఎంత బాగా ఎంచుకున్నా రాత్రి చెడేది ఇక్కడే. ఓడినవాళ్ళ మొహం చూస్తూ అప్పటికప్పుడు డేర్ ఆలోచించడం మానేయండి. అలా చేస్తే డేర్ ఆ మనిషిని చూసి పుడుతుంది, వాళ్ళకి ఎక్కడ నొప్పో అక్కడే తగులుతుంది. ముక్కలు పంచకముందే ప్రతివాళ్ళూ తలా మూడు చీటీలు రాసి గిన్నెలో వేయాలి. అది ఎవరికి పడుతుందో తెలియదు, తనకే పడవచ్చు. ఆ ఒక్క భయం చేత మనుషులు మర్యాదగా రాస్తారు. అందరూ రాశాక ఒకరు గట్టిగా చదవాలి. ఎవరికి ఏ చీటీ ఇబ్బందైనా "తీసెయ్" అంటే చాలు, కారణం అడగకూడదు, ఆ చీటీ చింపేయాలి. ఆట మధ్యలో కూడా తలా ఒక్కసారి "నా వల్ల కాదు" అనే హక్కు ఉండాలి. దానికి బదులు మంచినీళ్ళ సీసాలు నింపడం లాంటి చిన్న పని చేస్తే సరిపోవాలి.

గిన్నెలోకి రానివ్వకూడనివి నా లెక్కలో ఇవి. ఒకరి ఫోన్ ఇంకొకరు ముట్టుకోవడం, బయటివాళ్ళకి ఫోనో మెసేజో చేయడం. ఒంటిమీద చెయ్యి వేయించేవి, బట్టల జోలికి వెళ్ళేవి. మందు తాగించేవి: ఓడినకొద్దీ తాగడం అంటే ఓడేకొద్దీ ఇంకా ఓడిపోయేలా చేయడమే, పైగా ఇంటికి బండి నడుపుకుంటూ వెళ్ళేవాళ్ళుంటారు. పచ్చిమిరపకాయలు, గ్లాసు కారం నీళ్ళు లాంటివి కూడా వద్దు, ఎవరికి ఏ అల్సరుందో మనకి తెలియదు. వీడియో తీయడం వద్దు. వద్దని ముందే అనుకుంటే మనుషులు నిజంగా విడివడి ఆడతారు.

అయితే ఏం రాయాలి? చిన్నవాటికి: "లక్ష భక్ష్యాలు భక్షించే లక్ష్మయ్య" వాక్యం తడబడకుండా మూడుసార్లు. "ఎర్రలారీ తెల్లలారీ" గుక్క తిప్పుకోకుండా పదిసార్లు. పదిహేడో ఎక్కం వెనకనుంచి. మధ్యస్థానికి: వేమన పద్యాన్ని టీవీ వార్తల్లా చదవడం, దిల్‌సుఖ్‌నగర్ నుంచి పటాన్‌చెరుదాకా స్టాపులన్నీ కండక్టర్ గొంతుతో అరవడం. తర్వాతి ఆట ముగిసేదాకా ఒక్క ఇంగ్లీషు మాట లేకుండా మాట్లాడటం చాలా కష్టమైన డేర్. "ఓకే", "సారీ" దగ్గరే తొంభై శాతం మంది పడిపోతారనుకోండి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టి పెరిగిన పిల్లలు పెద్దవాళ్ళై ఆటలో కూర్చుంటే ఈ చీటీ తీసేయండి, వాళ్ళకి అది ఆటలా ఉండదు. పెద్ద డేర్‌లకి పనులు బాగుంటాయి: అందరికీ టీ పెట్టి ఇవ్వడం, రాత్రి గిన్నెలన్నీ తోమడం, పొద్దున్న ఇంటిల్లిపాదికీ ఉప్మా చేయడం. ఎప్పుడూ ఆడవాళ్ళే వంటింట్లో ఉండే ఇంట్లో బొద్దింకల పోకర్‌లో ఓడిన బావగారు పొద్దున్నే ఉల్లిపాయలు తరుగుతుంటే చూడటానికి ఎంత బాగుంటుందో చెప్పలేను.

రెండు చోట్ల ఇంకాస్త జాగ్రత్త కావాలి. సంక్రాంతికి వచ్చిన కొత్తల్లుడు "కాదు" అనలేడు, అత్తారింట్లో అనడానికి మొహమాటం. కొత్త కోడలి సంగతి మరీనూ. వాళ్ళకి అడక్కుండానే రెండు మూడు పాస్ చీటీలు చేతిలో పెట్టండి. ఆఫీసు గుంపులో అయితే డేర్ చదివేది, ఇచ్చేది మేనేజర్ కాకుండా చూడండి. ఆ నోటి వెంట వస్తే అది ఆజ్ఞలాగే వినిపిస్తుంది.

మీ గుంపుకి ఏది

నలుగురు కుర్రాళ్ళు, నిద్ర రాని రాత్రి అయితే ఆరు ముక్కల గండం. ఐదారుగురు, వయసులు కలగలిసిన కుటుంబం అయితే వేరే ఆలోచన లేకుండా బొద్దింకలు. ఏడెనిమిది మంది, సగం మంది ముక్క పట్టడం కొత్త అయితే రెండు కట్టల బ్లఫ్, వరస పద్ధతిలో. కొత్త పరిచయాలు, భాష కలవనివాళ్ళు అయితే స్కల్, ఎనిమిది మందిదాకా ఒక్క కట్టతో సరిపోతుంది. బాగా ఆడేవాళ్ళు నలుగురే మిగిలి, మిగతావాళ్ళు పడుకున్నాక కూ.

ఏదైనా సరే మొదటి ఆట డేర్ లేకుండా ఆడించండి. నియమం తెలియక ఓడినవాళ్ళతో పాట పాడించడం సరదా కాదు. రెండో ఆట నుంచి చిన్న చీటీలు, అందరూ కుదురుకున్నాక పెద్దవి. పన్నెండు దాటితే కింది ఫ్లాట్‌వాళ్ళకి వినిపించే చీటీలు గిన్నెలోంచి ఏరేయండి. కండక్టర్ గొంతు వాటిలో మొదటిది.